చేపల వేటకు హద్దులు పెడితే నిజంగా ఫలితం ఉంటుందా?

ఉంటుంది, కానీ సమయానికి పెట్టాలి. కేరళ అష్టముడి సరస్సులో 1990ల మొదట్లో ఆల్చిప్పలు బాగా తగ్గిపోయాయి. వెంటనే, అవి గుడ్లు పెట్టే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట ఆపారు. పిల్లలు జారిపోయేలా వల కన్ను కనీసం 30 మిల్లీమీటర్లు ఉండాలన్నారు. ఏరుకునేవాళ్లే కాపలా కాశారు, నాకు నచ్చేది అదే. చేపలు అంతరించకుండా పద్ధతిగా సాగే వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ (ఎమ్మెస్సీ) అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్, 2014లో మన దేశంలో మొదట దీనికే దక్కింది.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో మాత్రం కాడ్ చేపలు నిజంగా ఉన్నవాటికన్నా ఎక్కువ ఉన్నట్టు లెక్కలు చూపించాయి. ఒడ్డు దగ్గర వేటాడే చిన్న జాలర్లు చేప తగ్గిపోతోందని మొత్తుకున్నా పట్టించుకోలేదు. 1992లో వేట ఆపేసరికి దాదాపు 30 వేల మందికి పని పోయింది, ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఆ నిషేధం ఎత్తేసింది 2024లో!