కౌంట్ తక్కువ, కదలిక కూడా తక్కువ: రిపోర్టులో ఏం చూడాలి

మీ రిపోర్టు ఇదీ: వీర్యం 2 మి.లీ., మిల్లీలీటరుకు 80 లక్షల కణాలు, ముందుకు కదిలేవి 20 శాతం, సరైన ఆకారం 2 శాతం. 'కౌంట్ పెరిగితే చాలు కదా, మిగతావన్నీ ఎందుకు?' అని అడిగారు.

చాలదండీ. కౌంట్ తగ్గించిన కారణమే చాలాసార్లు మిగిలిన కణాల పనితనాన్నీ దెబ్బతీస్తుంది. లెక్క వేయండి: 2 × 80 లక్షలు × 20 శాతం, అంటే 32 లక్షలు. ఐయూఐనా (వీర్యాన్ని శుద్ధి చేసి గర్భాశయంలోకి ఎక్కించడం), ఇక్సీనా (ల్యాబ్‌లో ఒక్క కణాన్ని సూదితో అండంలోకి పంపడం) అని తేల్చేటప్పుడు డాక్టర్లు ఎక్కువగా చూసేది ఈ అంకెనే. అది 50 లక్షల లోపుంటే ఐయూఐతో నిలిచే అవకాశం బాగా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస అంకెలు: కౌంట్ మిల్లీలీటరుకు 1.6 కోట్లు, ముందుకు కదిలేవి 30 శాతం, సరైన ఆకారం 4 శాతం. అంతకంటే తక్కువుంటే పిల్లలు పుట్టరని కాదు.

అయితే శాంపిల్ కొండపిలో ఇంట్లో తీసి, బండి డిక్కీలో ఒంగోలు తీసుకెళ్లామన్నారు. ఆ 20 శాతాన్ని నేను నమ్మను. ఎండకు కాగిన డిక్కీలో కదలిక పడిపోతుంది. ఈసారి ల్యాబ్‌లోనే ఇవ్వండి. కలయికకు, శాంపిల్‌కు మధ్య 2 నుంచి 7 రోజుల ఎడం ఉండాలి, రెండు పరీక్షలకూ ఒకే ఎడం పాటించండి. నూనె, సబ్బు, ఉమ్మి, మామూలు కండోమ్ వాడొద్దు. మొదటి చుక్కలు కింద పడితే దాచకుండా చెప్పండి, కణాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. ఇంట్లో తీయక తప్పకపోతే డబ్బా చొక్కా లోపల ఒంటికి ఆనించి, గంటలోపు చేర్చాలి.

కదలిక మళ్లీ తక్కువే వస్తే 'వైటాలిటీ' (ఎన్ని కణాలు బతికున్నాయో) చూడమనండి. ఇయోసిన్ రంగు వేస్తే చచ్చిన కణాల తల ఎర్రబడుతుంది, బతికున్నవి తెల్లగానే ఉంటాయి. కదలనివాటిలో ఎక్కువ బతికే ఉంటే తోక నిర్మాణంలో లోపం అనుమానించాలి. చచ్చినవే ఎక్కువైతే వేరే కారణం వెతకాలి. చీము కణాలు మిల్లీలీటరుకు 10 లక్షలు దాటితే ఇన్ఫెక్షన్ వెతకాలి. అండం పొరకు అతుక్కోవడం, దాన్ని చీల్చుకుని లోపలికి పోవడం మామూలు పరీక్షలో కనిపించవు. ఇక్సీలో ఆ రెండు మెట్లూ దాటేస్తారు కానీ, కణంలో డీఎన్ఏ విరిగి ఉంటే ఇక్సీ దాన్ని బాగుచేయదు. గర్భాలు మళ్లీ మళ్లీ పోతుంటే డీఎన్ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష అడగండి.

నిలబెట్టి, దగ్గించి వెరికోసీల్ (బీజాల సంచిలో ఉబ్బిన సిరలు) చూశారా? స్కాన్‌లో మాత్రమే కనిపించే చిన్నదానికి ఆపరేషన్ అక్కర్లేదు. చేతికి తగిలేదైతే చేయించడం గురించి మాట్లాడొచ్చు. కౌంట్ మిల్లీలీటరుకు 50 లక్షల లోపుకు దిగితే కారియోటైప్ (క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసే పరీక్ష), వై క్రోమోజోమ్ పరీక్షలు కావాలేమో డాక్టరును అడగండి.

పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర మంట వేసే పని, లారీ సీటులో గంటల తరబడి కూర్చోవడం ఉంటే డాక్టరుకు చెప్పండి. బీజాలకు వేడి పడదు. జిమ్ కుర్రాళ్లు వేయించుకునే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ల జోలికి అసలు పోవద్దు. అవి కౌంట్‌ను సున్నాకు కూడా దించగలవు. జింక్, ఫోలిక్ యాసిడ్ డబ్బాల మీదా ఆశ పెట్టుకోకండి: 2020లో వెలువడిన, 2,370 జంటల మీద చేసిన అమెరికా పరీక్షలో వాటివల్ల లాభం కనపడలేదు.

కణం తయారై బయటకు రావడానికి దాదాపు మూడు నెలలు. కాబట్టి ఏం మార్చినా ఫలితం అప్పుడే చూడాలి. మీ ఆవిడకు 35 దాటితే మాత్రం ఈలోపే ఆమె పరీక్షలూ మొదలుపెట్టించండి.