పోలియో వల్ల నడవలేని జైపాల్ రెడ్డి అంత పెద్ద నాయకుడు ఎలా అయ్యారు?

ముఖ్యంగా మాటతో. సూదిని జైపాల్ రెడ్డికి ఏడాదిన్నర వయసులోనే పోలియో సోకింది. జీవితాంతం ఊతకర్రల మీదే నడిచారు. ఉస్మానియాలో ఎంఏ చదివి, విద్యార్థి రాజకీయాల నుంచి వచ్చి, 1969లో కల్వకుర్తి ఎమ్మెల్యే అయ్యారు. అక్కడ వరసగా నాలుగుసార్లు గెలిచారు.

ఆయన నైజం తెలియాలంటే ఎమర్జెన్సీ కాలం చూడాలి. అధికార పార్టీలో ఉండి కూడా దాన్ని వ్యతిరేకించారు, 1977లో కాంగ్రెస్ వదిలి జనతాలో చేరారు. 1980లో ఏకంగా మెదక్‌లో ఇందిరా గాంధీ మీదే పోటీ చేశారు. ఓడిపోయారనుకోండి, కానీ ఆ పోటీతో దేశమంతా ఆయన పేరు తెలిసింది.

1984లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. తర్వాత రాజ్యసభలో ప్రతిపక్ష నేత. ఊతకర్రల మీద లేచి నిలబడి, నిఘంటువు వెతుక్కునేంత బరువైన ఇంగ్లిష్‌లో చమత్కారంగా విసిరే మాటల కోసం అవతలి పక్షం వాళ్లూ చెవులప్పగించేవారు. 1998కి ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు దక్కింది.

ప్రధాని గుజ్రాల్ ప్రభుత్వంలో సమాచార, ప్రసార శాఖ చూశారు. దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే ప్రసార భారతి అప్పుడే ఏర్పడింది. 1999లో మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి, మన్మోహన్ మంత్రివర్గంలో పట్టణాభివృద్ధి, పెట్రోలియం వంటి శాఖలు నిర్వహించారు. 2012లో ఆయన్ను పెట్రోలియం నుంచి తప్పించినప్పుడు, గ్యాస్ ధర విషయంలో రిలయన్స్‌కు లొంగనందుకే మార్చారని ప్రతిపక్షాలు దుమ్మెత్తిపోశాయి. 2019 జులై 28న, 77 ఏళ్ల వయసులో హైదరాబాద్‌లో కన్నుమూశారు.