జవాబు: పాలీకార్బొనేట్ లెన్స్ మీద యూవీ కోటింగ్ లేచిపోవడం

ఆటోనగర్‌లో హెడ్‌లైట్ లెన్సులకు వేసే కోటింగ్ టేపుతో ఊడొస్తోందని, ఒక్కో ఫార్ములా పరీక్షకే రోజులు పోతున్నాయని రాశారు కదండీ. విడివిడిగా చూడకండి, ఒకే పాలీకార్బొనేట్ షీటు మీద ఫార్ములాలు, లైటు మోతాదులు కలిపి 24 గళ్లు తీయండి.

ముందు ఊడిన పొర అడుగును వేలితో తాకండి. జిగురుగా ఉంటే అడుగు క్యూర్ కాలేదు, అంటే యూవీ లైటుకు గట్టిపడలేదు. ఎండ నుంచి కాపాడటానికి కలిపే యూవీ అబ్జార్బరే లైటును మధ్యలో మింగేస్తుంది. అప్పుడు పొడవాటి తరంగాల లైటుతో పనిచేసే టీపీఓ లాంటి ఇనీషియేటర్ (లైటు తగిలితే గట్టిపడటాన్ని మొదలుపెట్టే పదార్థం) కావాలి. పొడిగా, నున్నగా ఉంటే ప్లాస్టిక్‌ను పట్టలేదని అర్థం. కోటింగ్‌లో కలిపే హెచ్‌డీడీఏ అనే పల్చటి ద్రవం (మోనోమర్) పాలీకార్బొనేట్ పైపొరను కాస్త కొరికి పట్టు ఇస్తుంది. మరీ ఎక్కువైతే మసక, పగుళ్లు.

షీటును ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడవండి, ఎసిటోన్ వద్దు. హెచ్‌డీడీఏ 0, 5, 10, 20, 30 శాతంతో ఐదు పట్టీలు వైర్ బార్‌తో (కోటింగ్‌ను ఒకే మందంలో పరిచే తీగ చుట్టిన కడ్డీ) గీయండి. ఆరో పట్టీగా 10 శాతాన్నే ఇంకో అంచున మళ్లీ వేయండి. ఆ రెండూ తేడాగా వస్తే లోపం ల్యాంపులోనో, పట్టీ గీసిన తీరులోనో ఉంది, ఫార్ములాలో కాదు. పట్టీలకు అడ్డంగా అల్యూమినియం ఫాయిల్ కప్పి, ల్యాంపు కింద ఒక్కో పాస్‌కు కొంచెం జరిపితే నాలుగు లైటు డోసులు, అంటే ఆరు పట్టీలకు 24 గళ్లు వస్తాయి. గ్లవ్స్ తప్పనిసరి, హెచ్‌డీడీఏతో చర్మానికి అలర్జీ వస్తుంది.

క్యూరయ్యాక ఒక్కో గడిలో మిల్లీమీటరు దూరంలో అటు 11, ఇటు 11 గాట్లు పెట్టి టేపు లాగండి. పాసైన గళ్లను 65 డిగ్రీల నీళ్లలో రోజంతా ఉంచి మళ్లీ లాగండి. అతిగా క్యూరై బిగుసుకున్నవి తరచుగా ఇక్కడే బయటపడతాయి. గీతలు పడతాయేమో చూడటానికి మిగిలిన గళ్లకే స్టీల్ ఊల్ రుద్దండి.