సుమో పట్టిక చదవడం గురించి మా మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

పోయిన బాషోలో, అంటే సుమో టోర్నమెంటులో, ఆఖరి ఫలితం ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశానని నువ్వు నాతో రెండు రోజులు మాట్లాడలేదు, అది న్యాయమే. ఇక్కడ కాకినాడలో భోజనం చేసి కునుకు తీసే వేళకి, అంటే రెండున్నరకల్లా, ఆ రోజు సుమో మొత్తం అయిపోతుంది. మీ నగోయాలో అప్పుడు సాయంత్రం ఆరు, నువ్వింకా ఆఫీసులోనే ఉంటావు. ఆ సంబరంలో నాకది తట్టలేదు.

ఫోన్లో అడిగావు కదా, "రోజూ స్కోర్లు చూస్తున్నా మావయ్యా, ఎవరు ముందున్నారో తప్ప ఇంకేమీ అర్థం కావట్లేదు" అని. అది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. టోక్యోలో ఉన్న తొమ్మిదేళ్లలో నేను కూడా ముందు తప్పుగా చూసి, ఆఫీసులో నలుగురి చేత నవ్వించుకుని, ఆ తరవాతే నేర్చుకున్నాను.

నువ్వు చేస్తున్న పొరపాటేంటంటే, ఐపీఎల్ పాయింట్ల పట్టిక చూసినట్టు చూస్తున్నావు. పైన నలుగురు, మిగతావాళ్లు ఇంటికి, అదీ నీ లెక్క. ఇక్కడ అలా ఉండదు. పై డివిజన్ మకుఉచిలో 42 మంది, పదిహేను రోజులు, రోజుకొక బౌటు. కప్పు ఒక్కడికే వస్తుంది, నిజమే, కానీ మిగతా 41 మందీ ఆఖరి రోజు దాకా ఎవడి లెక్క కోసం వాడు పోరాడుతూనే ఉంటాడు. ఆ లెక్క ఎనిమిది. ఎనిమిది గెలిస్తే కచికోషి, తరవాతి బాషోకి ర్యాంకు పైకి. ఎనిమిది ఓడితే మాకేకోషి, ర్యాంకు కిందికి. 7-7తో (ఏడు గెలుపులు, ఏడు ఓటములు) ఆఖరి రోజుకి వచ్చినవాడి ముఖం చూశావంటే కప్పు బౌటు కూడా దాని ముందు చప్పగా ఉంటుంది నాకైతే. (ఈ 7-7 మీదే ఒకప్పుడు బోలెడు అనుమానాలుండేవి. ముందే మాట్లాడుకుని గెలుపులు ఇచ్చిపుచ్చుకుంటున్నారని ఫోన్ మెసేజీలతో సహా బయటపడి, 2011 మార్చి బాషోని మొత్తంగా రద్దు చేశారు. అలాంటి మరక కూడా ఉంది, తెలుసుకుని ఉండు.)

అందుకని పట్టిక తెరవగానే కుడిపక్క అంకెలు చూడకు, ఎడమపక్క ర్యాంకు చూడు. అది బంజుకే, అంటే ర్యాంకుల జాబితా, నుంచి వస్తుంది. మామూలుగా బాషో మొదలవడానికి పదమూడు రోజుల ముందు, సోమవారం నాడు విడుదల చేస్తారు. రిఫరీలు, అంటే గ్యోజీలే, కుంచెతో చేత్తో రాసే పెద్ద కాగితం, దాన్ని చిన్నది చేసి అచ్చు వేస్తారు. పైవరస పేర్లు లావుగా ఉంటాయి, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి సన్నబడి ఆఖరి వరస భూతద్దం పెట్టినా కనపడి చావదు. ఒకటి కొనుక్కుని గోడకి అంటించుకో, ఖరీదేమీ ఉండదు. అన్నిటికంటే పైన యోకోజునా, తరవాత వరసగా ఓజెకి, సెకివాకే, కొముసుబి, ఆ కింద మాయెగషిరా 1 నుంచి 17, 18 దాకా, ప్రతి ర్యాంకుకీ తూర్పు ఒకడు, పడమర ఒకడు. తూర్పువాడు అర మెట్టు ఎక్కువ. ఆ కాగితం మీద తూర్పు కుడిచేతివైపు ఉంటుంది, తికమక పడకు.

ఇప్పుడు అసలు కిటుకు. ఒకే అంకె ఇద్దరి పక్కన ఉంటే ఆ రెండూ ఒకటి కావు. మొదటి వారంలో మాయెగషిరా 1, 2, 3 వాళ్లకి ఎక్కువగా యోకోజునాలు, ఓజెకిల లాంటి పైర్యాంకువాళ్లే తగులుతారు. వాళ్లలో ఎవడైనా ఆరో రోజుకి 2-4తో ఉంటే పనికిరానివాడని అనుకోకు, పెద్దవాళ్లందరితో తన్నులు తిని కూర్చున్నాడు పాపం, రెండో వారంలో తేలికైనవాళ్లు వస్తారు, 8-7కి చేరినా చేరతాడు. అదే మాయెగషిరా 15లో ఉన్నవాడు 6-0 అంటే, వాడు తనలాంటివాళ్లనే ఆరుగురిని గెలిచాడన్నమాట. నేను టోక్యో వెళ్లిన మొదటి ఏడాది ఇలాగే కింద ర్యాంకువాడొకడు 7-0 మీద ఉంటే, కప్పు వాడిదేనని ఆఫీసులో అందరికీ చెప్పి, మధ్యాహ్నం కాఫీ కూడా పందెం కాశాను. వాడు 9-6తో ముగించాడు. నేను వారం రోజులు కాఫీలు పోయించాను.

అలాగని కిందివాడు గెలవనే గెలవడనుకోకు. బౌట్ల జాబితా ముందే వేసి ఉంచరు. మొదటి రెండు రోజులవి తప్పిస్తే, ఎవరికి ఎవరో ముందు రోజే నిర్ణయిస్తారు. కిందివాడు ఊపు మీద ఉంటే రెండో వారంలో పైకి లాగి పెద్దవాళ్ల ముందు నిలబెడతారు. 2024 మార్చిలో ఒసాకాలో తకెరుఫుజి అనే కుర్రాడు, మకుఉచిలో అదే మొదటి బాషో, ర్యాంకు మాయెగషిరా 17, వరసగా పదకొండు గెలిచాడు. పదో రోజు ఒనోసాతో అనే వస్తాదుని ఇచ్చారు, ఆ మర్నాడు ఓజెకినే ఇచ్చారు, వాళ్లనీ పడేశాడు. పన్నెండో రోజు ఇంకో ఓజెకి హోషోర్యూ చేతిలో ఓడాడు. పద్నాలుగో రోజు ఓడటమే కాదు, చీలమండ కూడా దెబ్బతింది. ఆఖరి రోజు కాలికి గట్టిగా కట్టు కట్టుకుని వచ్చి గెలిచి 13-2తో కప్పు ఎత్తాడు. మకుఉచిలో అడుగుపెట్టిన బాషోలోనే కప్పు కొట్టడం 1914 తరవాత మళ్లీ అప్పుడే, అంటే 110 ఏళ్లకి. ఆ రోజు నేను కునుకు తియ్యలేదు, మీ అత్తయ్య బీపీ మాత్ర వేసుకోమంది.

కాబట్టి పదో రోజుకి వచ్చాక ఒక చిన్న పని చెయ్. ముందున్నవాడి వరస తీసి, పైవాళ్లలో వాడు ఇంకా ఎవరితో తలపడలేదో రాసుకో. మిగిలిన రోజుల్లో వాడికి తగిలేది దాదాపు వాళ్లే. ఇందులో ఒక్క మినహాయింపు, ఒకే హెయాలో (వస్తాదులు కలిసి ఉండి సాధన చేసే చోటు) ఉండేవాళ్లకి, రక్తసంబంధం ఉన్నవాళ్లకి మామూలు బౌట్లలో పోటీ పెట్టరు. అందుకే ఎవడు ఏ హెయానో కూడా చూసుకోవాలి. పెద్ద హెయాలో ఉన్నవాడికి ఆ మేరకు బరువైన ప్రత్యర్థులు ఒకరిద్దరు తగ్గుతారు, అది వాడి అదృష్టం.

ఓజెకిలని వేరే కళ్లద్దంతో చూడాలి. ఓజెకికి మాకేకోషి అయితే వెంటనే దింపరు, తరవాతి బాషోకి కదోబాన్ అంటారు, అంటే ర్యాంకు పోయే ప్రమాదంలో ఉన్నాడని, అందులో కూడా ఎనిమిది గెలవకపోతే సెకివాకేకి జారతాడు. జారినా ఆ వెంటనే వచ్చే బాషోలో పది గెలిస్తే మళ్లీ ఎక్కుతాడు. కదోబాన్‌లో ఉన్న ఓజెకి పదమూడో రోజున 6-6తో బరిలోకి వస్తుంటే మాత్రం ఏ పనున్నా పక్కన పెట్టి చూడు. ఇక ఓజెకి కావాలంటే పై ర్యాంకుల్లో ఉండి వరసగా మూడు బాషోల్లో కలిపి 33 గెలుపులు ఉండాలన్నది రాయని రూలు, అందుకే సెకివాకే ఎవడైనా బాగా ఆడుతుంటే వాడి పాత రెండు బాషోల అంకెలు కూడా పక్కన రాసి పెట్టుకో. యోకోజునాని దింపడమంటూ లేదు. ఓడుతూ ఉంటే తనే తప్పుకోవాలి, అంతే. వాళ్ల మీద మాయెగషిరా గెలిస్తే కింబోషి, బంగారు చుక్క, అది ఆ వస్తాదుకి కెరీర్ అంతా డబ్బు తెచ్చిపెడుతూనే ఉంటుంది.

మూడు అంకెలున్న స్కోరు కనపడితే, ఉదాహరణకి 5-3-7 అని, ఆఖరిది గైర్హాజరు. క్యూజో అంటారు. కానీ ర్యాంకు లెక్కలో అది కూడా ఓటమే, మోకాలు విరిగినా సరే కనికరం లేదు. ప్రత్యర్థి రాకపోతే నిలబడ్డవాడికి ఊరికే వచ్చే గెలుపు ఫుసెన్షో. చుక్కల పట్టికలో తెల్ల చుక్క గెలుపు, నల్ల చుక్క ఓటమి (మన దిష్టి చుక్కకి తిరకాసు), ఇలా ఊరికే వచ్చినవి మాత్రం గుండ్రంగా కాకుండా చదరంగా ఉంటాయి. ఇది చిన్న విషయమని కొట్టెయ్యకు. 2025 నవంబరులో ఫుకువోకాలో ఆఖరి రోజు పొద్దున ముగ్గురు 11-3తో సమానంగా ఉన్నారు, ఒనోసాతో, హోషోర్యూ, ఉక్రెయిన్ కుర్రాడు అయోనిషికి. మొదటి ఇద్దరూ యోకోజునాలు, వాళ్లు ఒకరితో ఒకరు తలపడాలి. ఒనోసాతో భుజం నొప్పితో రానన్నాడు. హోషోర్యూకి ఊరికే 12 అయ్యాయి. అయోనిషికి మాత్రం ఓజెకి కోతోజకురాని పడేసి 12 చేసుకుని, ప్లేఆఫ్‌లో హోషోర్యూని కూడా పడేసి కప్పు పట్టుకుపోయాడు. అంకెలు మాత్రమే చూసినవాడికి ఇద్దరూ 12-3 అని తప్ప ఇంకేం తెలుస్తుంది చెప్పు.

ప్లేఆఫ్ అన్నాను కదా, సమానమైతే ఎవరు ఎవరిని ఓడించారు, రన్‌రేటు ఎంత లాంటి గొడవలు లేవు, అప్పటికప్పుడు బరిలో తేల్చుకోవాలి. ఇక్కడ ఒకే హెయా వాళ్లయినా సరే, కొట్టుకోవాల్సిందే. ముగ్గురు మిగిలితే ఇంకా మజా, వరసగా ఇద్దరిని ఎవడు ఓడిస్తే వాడిది. 2025 జనవరిలో ఆఖరి రోజు పొద్దున కజకిస్తాన్ వస్తాదు కింబోజాన్ 12-2, హోషోర్యూ, ఓహో 11-3. కింబోజాన్‌ని ఓహో ఓడించాడు, హోషోర్యూ తన బౌటు గెలిచాడు, ముగ్గురూ 12-3. హోషోర్యూ ఇద్దరినీ వరసగా పడేశాడు, ఆ దెబ్బతో 74వ యోకోజునా కూడా అయ్యాడు. ఒక్కటి గుర్తుంచుకో, ఆఖరి రోజు ట్రోఫీలు ఇవ్వాలి కాబట్టి బౌట్లు ఓ అరగంట ముందే మొదలవుతాయి, మామూలు టైముకి టీవీ పెడితే సగం పోతుంది.

ఫలితం పక్కన చిన్న అక్షరాల్లో కిమరితే ఉంటుంది, ఏ పట్టుతో గెలిచాడో. మొత్తం 82 ఉన్నాయి, అన్నీ బట్టీ పట్టక్కర్లేదు, యోరికిరి (పట్టుకుని బరి బయటికి నెట్టడం), ఒషిదాషి (పట్టుకోకుండా తోసెయ్యడం), హతాకికోమి (పక్కకి తప్పుకుని కిందికి కొట్టడం) ఈ మూడూ తెలిస్తే సగం రోజులు గడిచిపోతాయి. ముందుకి తోసేవాడు మూడు రోజులుగా హతాకికోమితోనే గెలుస్తున్నాడంటే వాడు వెనక్కి నడుస్తున్నాడని, మోకాలో నడుమో బాగాలేదని నేను అనుమానిస్తాను. చాలాసార్లు ఆ వారాంతానికే ఓటములు మొదలవుతాయి. మూడు గెలుపులు చూసి మురిసిపోయేవాడికి ఇది కనపడదు.

నోటుబుక్కు పెట్టు. ఫోన్లో కాదు, కాగితం మీద. ఆరుగురిని ఎంచుకో చాలు, 42 మందీ నీ వల్ల కాదు. ఒక యోకోజునా, తిప్పలు పడుతున్న ఒక ఓజెకి, కొత్తగా వచ్చిన ఒకడు, మాయెగషిరా 16, 17 దగ్గర, కింది డివిజన్ జూర్యోలోకి పడిపోతానేమోనని వేలాడేవాడొకడు, ఒక ముసలివాడు (నేనైతే తమావషిని వదలను, 1984లో పుట్టాడు, వరసగా ఎక్కువ బౌట్లు ఆడిన రికార్డు 2024లో తనే పట్టేశాడు). ఆరోవాడిని మాత్రం జూర్యోకి కింది డివిజన్ మకుషితాలోంచి తీసుకో. అక్కడ బౌట్లు ఏడే, నాలుగు గెలిస్తే కచికోషి. అసలు జీతం పై మెట్టు జూర్యో నుంచే మొదలవుతుంది, కాబట్టి మకుషితా పైవరసవాళ్ల ఆకలి వేరు. కింది డివిజన్లు ఎందుకు చూడాలి అంటావా, తెరునోఫుజి ఓజెకి అయ్యి, గాయాలతో జారి జారి 2019 మార్చికి కింది నుంచి రెండో డివిజన్ జొనిదాన్‌లో తేలాడు. 2020 జూలైలో మాయెగషిరా 17గా వచ్చి కప్పు కొట్టాడు. ఆ మరుసటి జూలై మీ నగోయాలోనే యోకోజునా హకుహో, తను ఇద్దరూ 14-0తో ఆఖరి రోజుకి వచ్చారు. తెరునోఫుజి ఓడాడు, అయినా ఆ తరవాత 73వ యోకోజునా అయ్యాడు. జొనిదాన్‌లో ఉన్నప్పుడు వాడి అంకెలు రోజూ చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? మా ఆఫీసు గార్డు ఒకాయన చూసేవాడు, నేను ఊరికొచ్చేశాక కూడా నాకు మెసేజీ పెట్టేవాడు.

ఇక నీ ఇబ్బంది, ఫలితం ముందే తెలిసిపోవడం. సాయంత్రం ఆరు నుంచి ఇంటికి చేరేదాకా వార్తల యాప్ తెరవకు, రైల్లో తెరల వైపు చూడకు, ఎన్‌హెచ్‌కే వాళ్ల హైలైట్స్ వస్తాయి, అవి చూసి ఆ తరవాతే పట్టిక తెరువు. పట్టిక ముందు చూసి బౌటు తరవాత చూస్తే మిరపకాయ బజ్జీ చల్లారాక తిన్నట్టుంటుంది. వీలైతే జూలైలో ఒక పనిరోజు సెలవు పెట్టి మీ నగోయా బాషో జరిగే ఐజీ అరీనాకి వెళ్లు, పొద్దున్నే వెళ్తే కింది డివిజన్ల వేళ జనం పలచగా ఉంటారు, ఆ మకుషితా కుర్రాడిని దగ్గరగా చూడొచ్చు.

గ్రూపులో నేను పెట్టబోయే ఏ ఫలితమైనా ఇకపై మీ రాత్రి తొమ్మిది దాటాకే, అంటే మా సాయంత్రం అయిదున్నర తరవాతే. అలారం పెట్టుకున్నాను. నీ ఆరుగురి పేర్లు బంజుకే రాగానే నాకు పంపు, నావి నేను అప్పటిదాకా చెప్పను.

నీ మావయ్య