విమానం కాక్‌పిట్‌లో మనకు తెలియని రహస్య అరలు ఏమైనా ఉంటాయా?

మీ అబ్బాయి ఏదో వీడియో చూసి ఈ ప్రశ్న అడిగాడని, సెలవుల్లో వాడిని మొదటిసారి విమానం ఎక్కిస్తున్నారని రాశారు. ఆ వీడియోలు నాకూ వస్తుంటాయి, "పైలట్లు ఎవరికీ చెప్పని బటన్" అంటూ. నేను ఇరవై ఆరేళ్లు విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేశాను. మొదట బేగంపేటలో, 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్ వెళ్లిపోయాక అక్కడ. ఎక్కువగా ఎయిర్‌బస్ ఎ320లు, కొన్నేళ్లు బోయింగ్ 737లు. కాక్‌పిట్‌లో రహస్యమంటూ ఏదీ లేదు. అరలు మాత్రం చాలానే ఉన్నాయి. పొగ కమ్మి కళ్లు కనబడనప్పుడు కూడా చెయ్యి చాస్తే అందాలని ఒక్కొక్కటీ లెక్కగా పెట్టినవే.

ఎ320లో పైలట్ పక్కనున్న కిటికీ అద్దం వెనక్కి జరుగుతుంది. విమానం కిటికీ తెరుచుకోవడమేంటని మా బంధువులే నమ్మలేదు. నేల మీద, లోపలి గాలి ఒత్తిడి బయటితో సమానంగా ఉన్నప్పుడు తెరుచుకుంటుంది. ఆ కిటికీ పైన చిన్న మూత, మూత తీస్తే లోపల తాడు. వెనక తలుపు వైపు దారి మూసుకుపోతే పైలట్లు ఆ తాడు పట్టుకుని కిటికీలోంచి దిగాలి. బోయింగ్ 787లో కిటికీలు తెరుచుకోవు కాబట్టి కాక్‌పిట్ పైకప్పులోనే మనిషి పట్టేంత తలుపు పెట్టారు. 747లోనూ అంతే. ఆ తలుపు దగ్గర తాడు చుట్టలుంటాయి, పిడి పట్టుకుని దిగితే మనిషిని ఒక్కసారిగా పడెయ్యకుండా మెల్లగా కిందికి దింపుతాయి.

ఆ తలుపు విలువ 1986 సెప్టెంబర్ 5న కరాచీలో తెలిసింది. ముంబై నుంచి వెళ్లిన పాన్ యామ్ ఫ్లైట్ 73 అనే 747 విమానంలోకి హైజాకర్లు చొరబడ్డప్పుడు నీరజా భనోత్, మిగతా సిబ్బంది కాక్‌పిట్‌కి కబురందించారు. పైలట్లు పైకప్పు తలుపు తీసుకుని కిందికి దిగిపోయారు. వాళ్లు పారిపోయారని ఇప్పటికీ తప్పుబట్టేవాళ్లున్నారు. నేను అస్సలు ఒప్పుకోను. నడిపేవాళ్లు లేకపోబట్టే ఆ విమానం కరాచీ నేల దాటలేదు. అదే ఎగిరి ఉంటే ఎక్కడికి పోయేదో, లోపలివాళ్లు ఎంతమంది మిగిలేవాళ్లో ఊహించలేం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సీటు వెనక గొడ్డలి ఉంటుంది, పొగ వచ్చే చోట ప్యానెల్ పగలగొట్టి మంటల్ని ఆర్పడానికి. సీటు పక్క పెట్టెలో ఆక్సిజన్ మాస్క్ ఉంటుంది. ఎర్ర పిడులు నొక్కి లాగితే దాని పట్టీలు గాలితో ఉబ్బుతాయి, ఒక్క చేత్తో క్షణాల్లో తలకు తగిలించుకోవచ్చు. ఎ320లో పైలట్ ముందు స్టీరింగ్ లాంటిది లేదు కాబట్టి ఆ చోట లాగితే బయటికొచ్చే బల్ల ఉంటుంది. దాని మీదే భోజనం, దాని మీదే రాత. రెండు అద్దాల మధ్య స్తంభం మీద గోళీలంత ఎర్ర, తెల్ల బంతులుంటాయి. ఎర్రది తెల్లదాన్ని కప్పేసినట్టు కనబడేదాకా పైలట్ సీటు సర్దుకోవాలి, అప్పుడే కళ్లు సరైన ఎత్తులో ఉన్నట్టు. ఇన్ని స్క్రీన్లున్నా పై భాగంలో మడిచిపెట్టిన మామూలు అయస్కాంత దిక్సూచి ఒకటి ఉంటుంది. కరెంటంతా పోయినా అది పనిచేస్తుంది.

చక్రాలు దిగకపోతే ఎ320లో పెడస్టల్ (ఇద్దరు పైలట్ల మధ్య ఇంజిన్ లివర్లుండే దిమ్మ) వెనక చివర మడత పిడి తీసి మూడు చుట్లు తిప్పాలి. చక్రాలు తమ బరువుకి తామే దిగుతాయి. 737లో అయితే కో-పైలట్ సీటు వెనక నేలలో మూత ఉంటుంది, అది ఎత్తి మూడు పిడులు లాగాలి. ముక్కు చక్రానికొకటి, కుడి ఎడమలకు ఒక్కొక్కటి. మీ అబ్బాయికి నచ్చే రహస్య అర ఇదే అనుకుంటా.

మాలాంటివాళ్ల కోసం పెట్టింది కూడా ఒకటుంది. పైలట్ తల మీద ప్యానెల్‌లో ఒక బటన్ నొక్కితే విమానం ముక్కు కింద హారన్ మోగుతుంది. నేల మీదున్న మెకానిక్‌ని పిలవడానికి. బేగంపేటలో కొత్తగా చేరిన రోజుల్లో ముక్కు చక్రం పక్కన నిలబడి ఉండగా అది మోగితే గుండె ఝల్లుమంది. ఇరవై ఆరేళ్లలో దాని గురించి ఒక్క ప్రయాణికుడూ నన్ను అడగలేదు.

ఇక తలుపు తాళం, కోడ్‌ల సంగతి అడిగేవాళ్లకి నేను జవాబివ్వను. దయచేసి ఎవరూ అడగొద్దు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. కాక్‌పిట్‌లో తెలుసుకోవలసినవి అరలు కావు, సందులు. వస్తువులు జారిపోయి కనబడకుండా పోయే చోట్లు. అన్ని అరలు పెట్టిందే ఏ వస్తువూ వదులుగా తిరగకూడదని. వాటిని వాడకుండా పెన్ను ఒడిలో, ఫోన్ గట్టు మీద, కాఫీ పెడస్టల్ మీద పెట్టేవాళ్లని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

2012 జులైలో ఒక రాత్రి, వాన. రాత్రి హాల్ట్‌కి వచ్చిన ఎ320. పొద్దున ఆరింటికి లోపే మొదటి ఫ్లైట్. కెప్టెన్ హోటల్‌కి వెళ్తూ టెక్ లాగ్‌లో, అంటే విమానంలో కనబడ్డ లోపాలు రాసే పుస్తకంలో, ఒక లైను రాసి వెళ్లాడు: దిగే సమయంలో పెన్ను ఎడమవైపు పడింది, వెతికాను, దొరకలేదు. ఆయన ఎవరో నాకు పెద్దగా పరిచయం లేదు కానీ ఆ ఒక్క లైనుకి ఆయనంటే నాకు గౌరవం. రాయకుండా వెళ్లిపోతే అడిగేవాడెవడు?

నేను, నాతో పాటు కొత్తగా చేరిన కుర్రాడు వెతకడం మొదలుపెట్టాం. సీటు పూర్తిగా వెనక్కి జరిపాం. సీటు కింద పట్టాల పొడవునా టార్చ్ వేశాం. పక్కన సామాను పెట్టే చోటు, బల్ల కింద, కార్పెట్ అంచు అన్నీ చూశాం. పెన్ను లేదు. దొరికినవి ఏమిటో చెప్పనా? రెండు పెన్ను మూతలు, ఒక అయిదు రూపాయల బిళ్ల, కాఫీ కలుపుకునే ప్లాస్టిక్ పుల్ల, సగం చప్పరించిన నిమ్మ బిళ్ల. ఇవి ఎన్ని వందల గంటలు ఎగిరాయో! ఒక్కదాన్ని గురించీ లాగ్‌లో ఎవరూ రాయలేదు.

మూడింటికి షిఫ్ట్ ఇంచార్జ్ వచ్చాడు. "ఏందయ్యా, పది రూపాయల పెన్ను కోసం విమానం ఆపుతవా? వెతికినం, దొరకలేదు అని రాసి క్లోజ్ చెయ్" అన్నాడు. "సంతకం నాది సర్, దొరికేదాకా చెయ్యను" అన్నాను. తర్వాత నెలలపాటు నా షిఫ్టులు ఎలా పడ్డాయో నాకే తెలుసు, అది వేరే కథ. కుర్రాడు మాత్రం భయపడిపోయి "అన్నా, పోనీ రాసేద్దామా?" అన్నాడు. వాడికి రడ్డర్ పెడల్స్ చూపించాను. పైలట్ రెండు పాదాలూ పెట్టే పెడల్స్ అవి. ముక్కు పక్కకి తిరగాలన్నా, రన్‌వే మీద బ్రేకులు వెయ్యాలన్నా అవే. వాటి కాడలు నేలలోని సందుల్లోంచి కదులుతాయి. పెన్ను ఆ సందులో అడ్డం పడితే, దిగే సమయంలో పక్క గాలి కొడుతుంటే, పైలట్ ఎడమ కాలు తొక్కితే పెడల్ పోవలసినంత దూరం పోకపోవచ్చు.

నేల మీద వెల్లకిలా పడుకుని, తల పెడల్స్ కిందికి దూర్చి, టార్చ్ పళ్ల మధ్య పట్టుకుని చూశాను. నలభై అయిదేళ్ల నడుముతో ఆ చోట్లోకి దూరడం ఎలా ఉంటుందో పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. నాలుగున్నరకి కనబడింది. ఎడమ పెడల్ వెనక, కాడ కదిలే సందు అంచున, నీలం పెన్ను. అక్కడికి చెయ్యి పోదు. కర్రకి టేపు తిరగేసి చుట్టి, అంటించి, లోపలికి జారిపోకుండా బయటికి లాగడానికి ఇంకో అరగంట. తర్వాత పెడల్స్ రెండు వైపులా చివరిదాకా కదిపి పరీక్ష చేసి సంతకం పెట్టాను. విమానం నలభై నిమిషాలు లేటు. నూట ఎనభై మంది ప్రయాణికులు, గేటు దగ్గర ఒకాయన "డబ్బులు తీసుకుని నిద్రపోతున్నారు" అని అరుస్తున్నాడు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందని నాకిప్పటికీ అనిపిస్తుంది. లేటైనప్పుడు కారణం మనుషులకి అర్థమయ్యే మాటల్లో చెబితే సగం కోపం తగ్గుతుంది. "సాంకేతిక కారణాలు" అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటారు.

పొద్దున వచ్చిన కెప్టెన్ మేడమ్ లాగ్ చదివి "ఎక్కడ దొరికింది?" అని అడిగారు. చూపించాను. ఏమీ అనకుండా కూర్చుని, సీటు సర్దుకుని, ఎడమ పెడల్ చివరిదాకా తొక్కారు, కుడిది చివరిదాకా తొక్కారు, మళ్లీ ఎడమది తొక్కారు. అప్పుడు "థాంక్స్ అండీ" అన్నారు.

ఇది అతి జాగ్రత్త అనుకునేవాళ్లకి ఒక సంగతి. 2014 ఫిబ్రవరి 9న బ్రిటిష్ వైమానిక దళం వాయేజర్, అంటే ఎ330 రకం, 198 మందితో నల్ల సముద్రం మీద వెళ్తోంది. కెప్టెన్ కెమెరా సీటు చేతిపట్టీకీ సైడ్‌స్టిక్‌కీ (విమానాన్ని నడపడానికి పైలట్ పక్కనుండే చిన్న కర్ర) మధ్య ఇరుక్కుంది. ఆయన సీటు ముందుకి జరపగానే కెమెరా స్టిక్‌ని తోసేసింది. విమానం 27 సెకన్లలో 4,400 అడుగులు కిందికి పడింది. మనుషులు పైకప్పుకి కొట్టుకున్నారు. అది ఒక్క కెమెరా పని. 2019 నవంబర్‌లో ఒకసారి, 2020 జనవరిలో ఇంకోసారి ఎ350 విమానాల్లో పెడస్టల్ మీద టీ, కాఫీ ఒలికి గాల్లోనే ఒక ఇంజిన్ ఆగిపోయింది. ఆ తర్వాత కాక్‌పిట్‌లో ద్రవాలు పెట్టకూడని చోట్లు గీసి మరీ చెప్పాల్సి వచ్చింది. 2024 మార్చి 11న సిడ్నీ నుంచి ఆక్లండ్ వెళ్తున్న 787లో పైలట్ సీటు అనుకోకుండా ముందుకి కదిలి విమానం ఒక్కసారిగా కిందికి దూకింది, దాదాపు 50 మందికి దెబ్బలు తగిలాయి. సీటు వెనక మూత కింద దాన్ని జరిపే ఒక స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్‌లన్నీ ఒకసారి చూసుకోమని బోయింగ్ విమాన సంస్థలకి చెప్పింది. ఆ వీడియోలు చేసేవాళ్లు ఈ స్విచ్ గురించి చెప్పొచ్చు కదా!

మీ అబ్బాయికి చూపించాలంటే విమానం ఆగి అందరూ దిగాక ఎయిర్ హోస్టెస్‌ని మర్యాదగా అడగండి. కెప్టెన్‌కి తీరిక ఉంటే ఒక్కోసారి ఒప్పుకుంటారు. ముందు ఆ ఎర్ర, తెల్ల బంతులు చూపించమనండి, తర్వాత కిటికీ మీది తాడు మూత. వాడి చేతిలో బొమ్మలు, చాక్లెట్లు ఏమీ లేకుండా చూడండి. మీ ఫోన్ జేబులో పెట్టి జిప్ వేసుకోండి.