లోయ కనిపించే ఫ్లాట్ కోసం అత్యవసర నిధిని ఖాళీ చేయవచ్చా?

ప్రశ్న: కొండ మీది నగరంలో ఒకే భవనంలో రెండు ఫ్లాట్లు చూశాను. లోయ వైపు ఉన్నదాని ధర వెనక వైపు దానికంటే అయిదో వంతు ఎక్కువ. బ్యాంకు మదింపులో ఆ తేడాను లెక్కలోకి తీసుకోలేదు. ఆ మొత్తాన్ని కొంత అత్యవసర నిధి నుంచి, కొంత వ్యక్తిగత రుణంతో సర్దాలనుకుంటున్నాను. దృశ్యానికి విలువ తగ్గదు కదా?

జవాబు: తగ్గుతుంది. మీరు పంపిన ఫొటోలో బాల్కనీకి దిగువన చదును చేసిన ఖాళీ జాగా, దాని మూలల్లో సున్నం పూసిన హద్దురాళ్లు కనిపిస్తున్నాయి. అక్కడ నాలుగు అంతస్తులు లేచిన రోజున మీరు అదనంగా చెల్లించిన సొమ్ముకు ఎదురుగా మిగిలేది ఒక గోడ. దృశ్యం ఆహ్లాదానికే గాని అవసరానికి కాదని, దాని కోసం దావా చెల్లదని ఇంగ్లండులో 1610 నాటి ఆల్డ్రెడ్ కేసులోనే తేల్చారు.

పైగా కొండ నగరాల్లో ధరను నిర్ణయించేది దృశ్యం ఒక్కటే కాదు. బొలీవియాలో, 4,000 మీటర్లకు పైగా ఎత్తున, లా పాజ్ నగరమంతా కిందికి కనిపించే ఎల్ ఆల్టో ప్రధానంగా శ్రామికుల నివాసం కాగా, సంపన్నులు చలి తక్కువగా ఉండే దిగువ దక్షిణ ప్రాంతాన్ని ఎంచుకున్నారు.

నా అసలు అభ్యంతరం మీ అత్యవసర నిధి గురించి. లోయను చూసి మురిసి నిధిని ఊడ్చేసినవారి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి కాబట్టే మీ ప్రశ్నను ఎంచుకున్నాను. వాలులో కట్టిన ఇంటికి మైదానంలో లేని ఖర్చులుంటాయి. వాలు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ వెనక చేరిన నీటిని బయటికి పంపే రంధ్రాలు పూడుకుపోతే గోడ ముందుకు ఒరుగుతుంది. ఆ మరమ్మతు బిల్లు ఫ్లాట్ల యజమానులందరి మీదా ఒకేసారి పడుతుంది. ఆ రోజుకు మీ దగ్గర నిధి ఉండదు, రెండు రుణాల వాయిదాలు మాత్రం ఉంటాయి. బ్యాంకే విలువ కట్టడానికి వెనకాడిన భాగాన్ని, గృహరుణాన్ని మించిన వడ్డీకి తాకట్టు లేని అప్పు తెచ్చి కొంటానంటే నేను తల ఊపలేను. మైదానంలో ఆరు నెలల ఖర్చులు చాలంటాను; కొండవాలులో వాయిదాలతో సహా ఏడాది ఖర్చులు విడిగా ఉంచమంటాను.

కొండచరియలు విరిగిపడితే బీమా వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే చదవండి. ఒక వర్షాకాలం అద్దెకు ఉండి చూడటం మరో మార్గం. నిధి జోలికి వెళ్లకుండా వెనక వైపు ఫ్లాట్ అమరితే అదే తీసుకోండి. లోయ చూడాలనిపించినప్పుడు మేడ మీదికి వెళ్లవచ్చు.