మీ ప్రశ్నలు – మా జవాబులు: మ్యాన్ దీవి ఆవిరి రైలు

ప్ర: ఐరిష్ సముద్రంలోని మ్యాన్ దీవిలో 1870ల నాటి ఆవిరి రైలు ఇంకా తిరుగుతోందని విన్నాను. అన్నేళ్లు మూతపడకుండా ఎలా నిలిచింది?
– ఒక పాఠకుడు, విజయనగరం

జ: మూతపడింది, ఒకసారి కాదు. ముందు పుట్టుక చెబుతాం. దీవి రాజధాని డగ్లస్ నుంచి పడమటి రేవు పీల్‌కు 1873 జులై 1న మొదటి లైను మొదలైంది. దక్షిణాన పోర్ట్ ఎరిన్‌కు 1874 ఆగస్టు 1న రెండోది తెరిచారు. ఉత్తరాన రామ్సేకు వేరే కంపెనీ 1879లో వేసిన లైను 1905లో మొదటి రెండు లైన్ల కంపెనీలోనే కలిసిపోయింది. గేజి, అంటే రెండు పట్టాల నడుమ దూరం, 3 అడుగులు (914 మిల్లీమీటర్లు). ఒకప్పటి మన నౌపడా–గుణుపురం లైను (762) కంటే వెడల్పు, మీటర్ గేజి కంటే ఇరుకు. ఇరుకు గేజి అయితే మలుపులు బిగువుగా తిప్పొచ్చు, కట్టలూ కోతలూ చిన్నవైనా సరిపోతాయి, ఖర్చు తగ్గుతుంది.

1965 సీజన్ తర్వాత రైళ్లు ఆగిపోయాయి. 1967లో ఐల్సా మార్క్విస్ అనే స్కాట్లండ్ ప్రభువు లీజుకు తీసుకుని మళ్లీ నడిపించారు. పీల్, రామ్సే లైన్లకు 1968 ఆఖరి ప్రయాణికుల సీజన్; 1970లలో వాటి పట్టాలు పీకేశారు. పోర్ట్ ఎరిన్ లైనూ కష్టాలు పడింది. 1975లో రైలు పోర్ట్ ఎరిన్ నుంచి దారిలోని క్యాసిల్‌టౌన్ దాకానే వచ్చేది, మరుసటి ఏడు బల్లసల్లా దాకా వచ్చింది, 1977లో తిరిగి డగ్లస్ చేరింది. 1978లో దీవి ప్రభుత్వం లైనును తీసుకుంది. రైళ్లు ఆగిన చోట పట్టాలు అలాగే ఉంచారు కాబట్టే ఇది సాధ్యమైంది. పీల్ లైనుకు ఆ అదృష్టం దక్కకపోవడం మాకు ఇప్పటికీ బాధే. నేడు మిగిలింది దాదాపు 25 కిలోమీటర్లు, గంట ప్రయాణం.

ప్ర: 1874 నాటి ఇంజిన్ అంటారు. నిజంగా అదేనా, భాగాలన్నీ మార్చేశారా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జ: 1873 నుంచి 1926 దాకా మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ ఈ దీవికి 15 ఇంజిన్లు చేసింది. అన్నిటిదీ ఒకే పోలిక: ముందు రెండు చిన్న చక్రాలు, వెనక నడిపే చక్రాలు నాలుగు, ఇరుపక్కలా నీటి ట్యాంకులు, ఏటవాలుగా బిగించిన సిలిండర్లు. 4వ నంబరు ‘లాక్’ 1874లో వచ్చింది. బాయిలర్ మాత్రం మారక తప్పదు. రోజూ వేడెక్కి చల్లారుతుంటే రేకు పలచబడుతుంది, గొట్టాల చివర్లు కారతాయి. పాత బాయిలర్‌నే పట్టుకు వేలాడితే ప్రాణాలకు ముప్పు. బాయిలర్ మార్చినంత మాత్రాన అది వేరే ఇంజిన్ అయిపోదని మా అభిప్రాయం. లోపలి నిర్మాణం చూడాలంటే 3వ నంబరు ‘పెండర్’ను నిలువునా కోసి మాంచెస్టర్‌లోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో పెట్టారు.

ప్ర: ఎత్తు ఎక్కేటప్పుడు బాయిలర్‌లో నీళ్లు వెనక్కి జారితే ప్రమాదం కాదా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జ: వెనక్కి జారితే మంచిదే, ముందుకు జారితేనే భయం. బొగ్గు మండే పెట్టె, ఫైర్‌బాక్స్, ఉండేది వెనక. దాని పైరేకు మీద ఎప్పుడూ నీళ్లుండాలి, లేకుంటే రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది. డగ్లస్ దాటగానే 65 అడుగులకు ఒక అడుగు ఎత్తు. 10 అడుగుల బాయిలర్ అనుకుంటే రెండు కొసలకూ నీటిమట్టంలో తేడా 2 అంగుళాలకు కాస్త తక్కువ. ఇంజిన్ల పొగగొట్టం పోర్ట్ ఎరిన్ వైపే ఉంటుంది కనుక ఈ ఎక్కుడులో నీళ్లు ఫైర్‌బాక్స్ మీదికే వస్తాయి. కానీ కేబిన్‌లో నీటిమట్టం చూపే గాజుగొట్టం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. శిఖరం దాటగానే నీళ్లు ముందుకు పోయి మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఇంజిన్ వెనక్కి నడుస్తుంది, అప్పుడు ఎక్కుళ్లలోనే ఈ ఇబ్బంది. అందుకే ముందుగానే ఇంజెక్టర్‌తో (ఆవిరి బలంతో బాయిలర్‌లోకి నీళ్లు తోసే సాధనం) కొద్దికొద్దిగా నీళ్లు ఎక్కిస్తారు. ఒక్కసారిగా పోస్తే ఆవిరి ఒత్తిడి పడిపోతుంది. మరీ నింపేస్తే నీళ్లు ఆవిరితోపాటు సిలిండర్‌లోకి పోతాయి. నీళ్లు ఎంత నొక్కినా కుంచించుకోవు కాబట్టి సిలిండర్ మూత పగలొచ్చు. ఇవన్నీ తప్పినా ఆఖరి కాపలా ఒకటుంది: పైరేకులో బిగించిన సీసపు బిరడా. నీళ్లు తగ్గితే అది కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్మి, సిబ్బందిని హెచ్చరిస్తుంది.

ప్ర: స్నేఫెల్ కొండ రైలు కూడా ఇదేనా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జ: కాదు, అది 1895 నాటి కరెంటు లైను, గేజి 1067 మిల్లీమీటర్లు. నడుమ మూడో పట్టా ఒకటి ఉంటుంది. బండిని లాగేది మామూలు చక్రాలే. 12 అడుగులకు ఒక అడుగు వాలులో దిగేటప్పుడు బ్రేకులు ఆ నడుమ పట్టాను రెండు పక్కలా బిగించి పట్టుకోగలవు.